కొండమ్మ చలికి చుక్కమ్మ పేడకుప్ప

జీడితోటలు అయిపోయి కొండ మొదలయ్యే చోట ఒక పశువుల పాక ఉండేది. ఊరికి దూరం, కొండకు దగ్గర. రైతు పొద్దున్నే వచ్చి, పాలు పిండుకుని, గడ్డి వేసి, పేడ ఎత్తి పాక వెనక కుప్పలో పోసి వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత పాక మొత్తం అందులో ఉన్నవాళ్ళదే.

ఉన్నవాళ్ళు ముగ్గురు. ఒకడు ముసలెద్దు. అందరూ పెద్దయ్య అంటారు. ఏ మాటైనా ఒకసారి నెమరు వేసుకుని గానీ బయటపెట్టడు. రెండోది నొసట తెల్లచుక్క ఉన్న గేదె, చుక్కమ్మ. పెట్టే గుణం. ఒకరికి పెట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఆమెకు తెలీదు. మూడోది కోడి, పర్లపెట్ట. చూరు కింద వేలాడే బుట్టలో గుడ్లు పొదుగుతుంది. నోరు కాస్త ఎక్కువే, కానీ అడగాల్సింది అడక్కుండా ఊరుకోదు.

ఆ ఏడు వానాకాలంలో వాగు పొంగి, కొండమీంచి ఒక కొండచిలువను దొర్లించుకొచ్చి పాక ముందు పడేసింది. ఒళ్ళంతా రాళ్ళదెబ్బలు. పారిపోయే ఓపిక లేదు, బుసకొట్టే ఓపికా లేదు. పర్లపెట్ట చూరెక్కి గోల చేసింది.

"పెద్దయ్యా, తొక్కెయ్. అది పిల్లల్ని మింగే జాతి."

పెద్దయ్య నెమరు వేశాడు. "దెబ్బతిని మన వాకిట్లో పడ్డదాన్ని తొక్కితే, మనకూ ఆ వాగుకూ తేడా ఏముంది? ఏమ్మా, మా పిల్లల జోలికి వస్తావా?"

"రాను," అంది కొండచిలువ. "ఇక్కడ పందికొక్కుల వాసన వస్తోంది. నాకవి చాలు."

అలా ఉండిపోయింది. పాక మూలన పాత వెదురు గాదె ఒకటి పడి ఉండేది. ఒకప్పుడు ధాన్యం పోసుకునేది, అడుగు ఊడిపోయి రెండువైపులా నోరు తెరుచుకుని పక్కకు దొర్లిపోయింది. అదే ఆమె ఇల్లయింది. కొండమీంచి వచ్చింది కాబట్టి పేరు కొండమ్మ అయింది.

కొండమ్మ మాట నిలబెట్టుకుంది. దాణా మూటలు కొరికే పందికొక్కులు తగ్గిపోయాయి. అంతకు మించిన మేలు ఇంకోటి జరిగింది. పర్లపెట్ట పిల్లల్ని ఏటా ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయే గుంటనక్క ఒకనాడు తడిక కింద తల దూర్చాడు. గాదెలోంచి బయటికొచ్చిన తలను చూశాడు. తోక కాళ్ళ మధ్యకు పోయింది. ఆ విడత పెట్టకు పుట్టిన పిల్లలన్నీ పెరిగి పెద్దవయ్యాయి.

"నా పిల్లలకు రెక్కలు రావడం నేను చూడ్డం ఇదే మొదలు," అంది పెట్ట ఒకరోజు గాదె దగ్గరికొచ్చి. "చెల్లీ, ఆ రోజు తొక్కెయ్యమన్నాను. మనసులో పెట్టుకోకు."

"నీ చోట నేనుంటే నేనూ అదే అనేదాన్నక్కా," అంది కొండమ్మ.

చలికాలం వచ్చేదాకా అంతా బాగానే ఉంది. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదంటారు. ఆ ఉన్న కాస్త పొద్దూ కొండ మంచు దాటి పాకదాకా వచ్చేసరికి చల్లారిపోయేది. కొండమ్మ కదలడం మానేసింది. మింగిన పందికొక్కు పొట్టలో అలాగే ఉండి ఉండి, ఒకనాడు బయటికొచ్చేసింది.

"ఇదేం రోగం చెల్లీ?" అంది పెట్ట.

"రోగం కాదక్కా. మీ ఒంట్లో పొయ్యి ఉంటుంది, తిన్నది అక్కడే ఉడుకుతుంది. మా జాతికి ఒంట్లో పొయ్యి లేదు. వేడి బయట్నుంచి తెచ్చుకోవాలి. కొండమీద మాకు బండలుండేవి. పగలంతా తాగిన ఎండను పొద్దుగూకాక కూడా పట్టుకుని ఉండేవి. వాటిమీద పడుకుంటే తిన్నది అరిగేది."

"మరి కొండెక్కి పోరాదూ?"

"ఈ ఒంటితోనా? సగం దారిలోనే కొయ్యబారిపోతాను."

ఈ మాటలు వింటున్న చుక్కమ్మ చెవులు రిక్కించింది. "పొయ్యి లేకపోతే నేను పెడతాను. తెల్లారేసరికి నా పేడకుప్ప ఎలా ఆవిర్లు కక్కుతుంటుందో చూశారుగా. ఆ వేడంతా ఎవరికి పనికొస్తోంది? మంచుకే కదా పోతోంది."

పెద్దయ్య నెమరు వేశాడు. మాట బాగుందనిపించింది. గాదెను కొమ్ములతో దొర్లించుకుంటూ పాక వెనక చూరు కిందికి తెచ్చి, ఒక చివర కుప్పకు ఆనించాడు. చుక్కమ్మ గడ్డి కలిసిన పేడను నుదుటితో తోసి ఆ చివర చుట్టూ ఎత్తు పెట్టింది. కొండమ్మ ఒళ్ళీడ్చుకుంటూ లోపలికి పోయింది. మర్నాడు నాలుక ఆడించింది. ఆ మర్నాడు తల ఎత్తింది. వారం తిరక్కుండానే ఒక పందికొక్కును పట్టి, హాయిగా అరిగించుకుంది.

"అక్కా," అంది చుక్కమ్మతో, "నేను గుడ్డులో ఉన్నప్పుడు మా అమ్మ చుట్ట చుట్టుకుని కాచిందట. మళ్ళీ ఇన్నేళ్ళకు నువ్వు కాచావు. ఏమిచ్చి తీర్చుకోను?"

చుక్కమ్మకు ఆ రోజంతా నేలమీద కాలు ఆనలేదు.

ఇదంతా జీడిచెట్ల చాటునుంచి నక్క చూశాడు. చలికి కొండచిలువ చచ్చిపోతే మళ్ళీ పిల్లలు తన నోటికి అందుతాయని పుష్యమాసం ఎప్పుడొస్తుందా అని ఇన్నాళ్ళూ కాచుక్కూచున్నాడు. పైగా పెట్ట మళ్ళీ పొదుగు మీద ఉంది. రోజుకొక్కసారి నాలుగు గింజలకోసం దిగడం తప్ప బుట్ట వదలడం లేదు. పెట్ట దిగి అటు తోటలోకి, పెద్దయ్య మేతకు పోయిన వేళ చూసి, నక్క పాకలోకొచ్చాడు.

"ఏం మరదలా, బాగున్నావా?"

"పిల్లల దొంగవి, నీకిక్కడేం పని?" అంది చుక్కమ్మ.

"అదంతా పాత సంగతి. ఈ మధ్య నేను ఇటు వచ్చానా చెప్పు. ఇవాళైనా వచ్చేవాణ్ణి కాదు. అలా పోతుంటే గాదెలోంచి మూలుగు వినిపించింది. పలకరిస్తే, చలి బావా అంది ఆ కొండమరదలు. పాపం అనిపించి చెప్పిపోదామని వచ్చా."

"నాతో బాగుందనే చెప్పిందే."

"చెబుతుంది మరి. నీ నీడన ఉండి, నువ్వు పెట్టింది చాల్లేదని ఏ నోటితో అంటుంది? మొహమాటస్తురాలు. అడగలేని వాళ్ళ అవసరం పెట్టేవాళ్ళే తెలుసుకోవాలి. నీకు నేను చెప్పాలా?"

ఆ మాట చుక్కమ్మ గుండెలో ముల్లులా దిగింది. "ఇప్పుడేం చెయ్యమంటావు?"

"కుప్ప ఒక చివరే పెట్టావు. రెండో చివర నోరు తెరిచి ఉంటే గాలి కొట్టదా? అది కూడా మూసెయ్. పైనా కప్పు. కొండచలి ఎరిగినవాణ్ణి, చెబుతున్నా."

అక్కణ్ణుంచి పాక వెనక్కి పోయి, గాదెకు బారెడు దూరంలో నిలబడ్డాడు.

"మరదలు పిల్లా, అదృష్టవంతురాలివి. నీకోసం చుక్కమ్మ ఇంకా వేడి పెడుతుందట."

"ఇది చాలు బావా. నేను చెబుతాలే."

"చెబితే చెడ్డావే. ఆమె సంగతి నీకు తెలీదు. నువ్వు రాకముందు ఒకసారి, ఆమె పెట్టిన గడ్డికి పెద్దయ్య కడుపు నిండి మొహం తిప్పుకుంటే ఆ పూట ఆమె గడ్డి ముట్టలేదు. దిక్కులేని రోజున నీడ ఇచ్చినవాళ్ళకు వంక పెడితే ఏమనుకుంటారు? పాముకు పాలు పోశాం అనుకుంటారు. బతకనేర్చినదానివైతే, పెట్టిందల్లా బాగుందను."

కొండమ్మ తల వాల్చేసింది. పాము పుట్టుక పుట్టినందుకు ఆ సామెత ఆమెకు కొత్త కాదు. ఎక్కడ విన్నా కాలినట్టే ఉంటుంది.

చుక్కమ్మ ఆ పూటే రెండో చివర మూసేసింది. మర్నాడు గాదె మీద కప్పింది. ఊపిరికని కాస్త సందు మాత్రం వదిలింది.

"వెచ్చగా ఉందా చెల్లీ?"

"చాలా బాగుందక్కా."

"గొంతు పీలగా ఉందేం?"

"సంతోషంతో అక్కా."

సంతోషం కాదు, చలి, అనుకుంది చుక్కమ్మ. ఇంకో ఎత్తు పెట్టింది. వేడికి గొంతు ఎండి మర్నాడు ఇంకా పీలగా పలికింది. అయ్యో నా చేతులారా చలికి వదిలేస్తున్నానే అని ఆమె ఇంకో ఎత్తు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. లోపల కొండమ్మకు పక్కకు తప్పుకుందామంటే చోటు లేదు. ఎటు జరిగినా అదే వేడి. పైగా పాము పొట్టకు వెచ్చదనం తెలిసినంత తొందరగా కాలడం తెలీదు. తెలిసేసరికి కాలిపోతుంది. పెద్దయ్యకు ఏదో తేడాగా అనిపించింది గానీ, ఆ నెమరు ఇంకా నడుస్తూనే ఉంది.

పెట్ట గింజలకోసం దిగింది. పురుగులు దొరుకుతాయేమోనని పేడకుప్ప ఎక్కి కాలితో గీరింది. గీరిన కాలు గాల్లోనే ఉండిపోయింది.

"అక్కా, ఏమిటిది? లోపల కొండమ్మ ఉందా?"

"ఉంది. పాపం చలికి వణుకుతోంటే కప్పాను."

"వణకడమా? ఇందులో నా గుడ్లు పెడితే పిల్లలు కావు, కూరకు పనికొస్తాయి. నేను పొదిగేటప్పుడు చూడలేదా? కాసేపు లేచి గాలి తగలనిస్తాను. గుడ్డుకే ఆ మాత్రం కావాలి, ఒళ్ళున్నదానికి అక్కర్లేదా?"

"బాగుందని చెల్లే చెబుతోందే."

"ఏదీ, మళ్ళీ అడుగు."

చుక్కమ్మ సందు దగ్గర మొహం పెట్టి అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది.

పెద్దయ్య ఈసారి నెమరు వెయ్యలేదు. తల దించుకుని వచ్చి కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మాడు. మూసిన చివర ఊడిపోయింది. ముగ్గురూ కలిసి కొండమ్మను బయటికి లాగారు. నోరు తెరుచుకుని ఉంది. ఒళ్ళు తాడులా వేలాడుతోంది. పొట్టమీద అక్కడక్కడా పొలుసు ఎర్రబారి పొక్కింది. కుడితిగోలెం పక్కన తడిమట్టి మీద పడుకోబెట్టి, చుక్కమ్మ నోటితో నీళ్ళు తెచ్చి తెచ్చి చల్లింది. చాలాసేపటికి నాలుక కొస కదిలింది.

"చచ్చేదాకా బాగుందంటావా?" అంది పెట్ట. కోపమో ఏడుపో ఆమెకే తెలీదు.

"వంక పెడితే అక్క మనసు కష్టపడుతుందని..."

"నువ్వు పోతే నా మనసు సుఖపడుతుందనుకున్నావా?" అంది చుక్కమ్మ. "చలిగా ఉందని నాతో అనలేక ఆ నక్కతో ఎందుకన్నావు?"

"నేనా? నేను చాలన్నాను. చాలు అంటే నువ్వు గడ్డి మానేస్తావని నక్క బావ చెప్పాడు."

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"అదీ సంగతి," అన్నాడు పెద్దయ్య. "ఇటు ఒకరి నోరు కుట్టాడు, అటు ఒకరి మనసు పిండాడు. వాడు ఒక్క గడ్డిపోచ మొయ్యలేదు. పనంతా మన ప్రేమ చేతనే చేయించాడు." కొండమ్మ వైపు తిరిగాడు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు తల్లీ. చాలు అనందే అమ్మైనా ఆపదు. ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?"

"మీరేది పెట్టినా..."

"అదిగో, మళ్ళీ," అంది పెట్ట.

కొండమ్మ తల ఎత్తింది. జన్మలో ఎవరినీ ఏదీ అడగని నోరు అది. "ఒక చివర వెచ్చగా ఉండాలి. ఇంకో చివర చల్లగా ఉండాలి. మధ్యలో నేను తిరగడానికి దారి ఉండాలి. తిన్నప్పుడు ఇటొస్తాను, అరిగాక అటు పోతాను. ఎంత వేడి కావాలో ఆ పూటకు ఆ పూట నా ఒంటికే తెలుస్తుంది. ముందుగా చెప్పమంటే నేను కూడా చెప్పలేను."

"ఇంకా?" అన్నాడు పెద్దయ్య.

"పేడ నా పొట్టకు నేరుగా తగలకూడదు. మధ్యలో మందంగా మట్టి ఉండాలి."

"ఇంకా?"

"చల్లటి చివర కాసిని నీళ్ళు."

"ఇంకా?"

"ఇంకేమీ వద్దు పెద్దయ్యా. చాలు."

"హమ్మయ్య," అన్నాడు పెద్దయ్య. "ఆ మాట నీ నోట వినాలనే అన్నిసార్లు అడిగాను."

గాదెను మళ్ళీ సర్దారు. కుప్పను గాదె దాకా రానివ్వకుండా మధ్యలో పెద్దయ్య డెక్కలతో మట్టి తొక్కి గోడ లేపాడు. పెట్ట మెత్తటి గడ్డి ఏరి పరిచింది. రెండో చివర చూరు నీడలోకి తెరిచి ఉంచారు, అక్కడ పగిలిన కుండపెంకులో నీళ్ళు పెట్టారు. చుక్కమ్మ మాత్రం నుదుటితో పేడ తోస్తూ మధ్యలో ఆగి, "ఇది ఎక్కువా చెల్లీ?" అని అడుగుతూనే ఉంది.

"కాస్త ఎక్కువేనక్కా," అంది కొండమ్మ భయం భయంగా.

చుక్కమ్మ కాస్త వెనక్కి లాగింది. పూట గడిచింది. ఆమె గడ్డి మానలేదు.

పొక్కులు ఆరి, పాత కుబుసం ఊడి, కొండమ్మకు కొత్త చర్మం మెరిసింది. పెట్ట బుట్టలో గుడ్లు చిట్లి పిల్లలు బయటపడ్డాయి. ఆ కిచకిచలు మంచులో చాలా దూరం పోతాయి. ఎవరికి వినపడాలో వాడికి వినపడ్డాయి.

తెల్లారగట్ల మంచు ఇంకా విడవకముందే నక్క వచ్చాడు. అతను వస్తాడని పెట్టకు తెలుసు. ఏం చెయ్యాలో ముందే నలుగురూ అనుకున్నారు.

"ఏం మరదలా, కొండమరదలు ఎలా ఉంది?"

చుక్కమ్మ నోరు తెరవబోయింది. ఆమెకు అబద్ధం అతకదని పెట్ట అడ్డం పడింది. "ఆవిడను కదిలించకు బావా, ఏడుస్తుంది. నువ్వు చెప్పినట్టే చేశాం. ఇప్పుడు ఉలుకూ లేదు పలుకూ లేదు. పెద్దయ్య దించుకున్న తల ఎత్తడం లేదు. ఒక చివర తెరిచాం గానీ, ఉందో పోయిందో లోపలికి పోయి చూసే ధైర్యం మాలో ఎవరికీ లేదు."

"అయ్యయ్యో," అన్నాడు నక్క. అతని కళ్ళు మాత్రం పెట్ట రెక్కల కిందే ఉన్నాయి. "నేనున్నాగా. చూసొస్తా. పెద్దదిక్కు లేని ఇల్లయిపోయింది మీది."

తెరిచి ఉన్న చివరనుంచి లోపలికి దూరాడు. చల్లగా తగిలింది. చల్లగా ఉందంటే పోయినట్టే అనుకున్నాడు. ముందుకు పాకాడు. లోపలి చివర ఏదో ముద్దగా పడి ఉంది. ముక్కు పెట్టి చూద్దామని వంగాడు.

చలిబట్టిన కొండచిలువ తాడులాంటిది. వేడిబట్టిన కొండచిలువ మెరుపులాంటిది. ఆ తేడా నక్కకు బాగా తెలుసు. తెలిసినా, ఆ రోజు రెండోది తనకోసం కాచుకుని ఉంటుందని అనుకోలేదు. కన్ను మూసి తెరిచేలోగా ఒంటిచుట్టూ చుట్ట పడింది.

"రా బావా," అంది కొండమ్మ. "బయట మంచు బాగా ఉన్నట్టుంది. చలేస్తోందా?"

"లేదమ్మా..."

"మొహమాటపడకు." ఇంకో చుట్ట వేసింది. "ఇప్పుడెలా ఉంది? వెచ్చగా ఉందా?"

"ఉందమ్మా, ఉంది, చాలు."

"చాల్లేదేమో. అడగలేని వాళ్ళ అవసరం పెట్టేవాళ్ళే తెలుసుకోవాలట. ఇంకొంచెం బిగించనా?"

"చాలు తల్లీ, చాలు. ఊపిరాడ్డం లేదు. వదిలెయ్."

గాదె బయట పెట్ట నవ్వు ఆపుకోలేక తూలింది. "విన్నావా పెద్దయ్యా, ఎంత చక్కగా చెబుతున్నాడో. మన చెల్లికి నేర్పడానికి మనకెంత కష్టమైంది."

"మింగెయ్ చెల్లీ," అంది చుక్కమ్మ. అంత మెత్తని ఆమె నోట ఆ మాట విని పెద్దయ్య కూడా తల తిప్పి చూశాడు.

కొండమ్మ చుట్ట బిగించలేదు. "ఆకలి లేదక్కా. లేనిదాన్ని ఉందని ఇక చెప్పను." నక్క వైపు తిరిగింది. "బావా, నువ్వు నన్ను చంపాలనే చూశావు. కానీ నీ పుణ్యమా అని నాకు నోరు వచ్చింది. అంతమాత్రం మేలు నీ వల్ల కూడా జరిగింది కాబట్టి, నీ ప్రాణం నీకిస్తున్నాను. ఆ కిచకిచలు వినపడినంత మేర మళ్ళీ నీ వాసన రాకూడదు."

చుట్ట వదులైంది. నక్క తెరిచిన చివరనుంచి ఊడిపడి, జీడితోటలు దాటేదాకా వెనక్కి చూడలేదు. ఆ తర్వాత కొండ అవతల ఎక్కడో ఎండ్రకాయలు ఏరుకు తింటున్నాడని పిట్టలు చెప్పుకున్నాయి.

మాఘం వచ్చింది. మంచు విడిచింది. కొండమీద బండలు కాగడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం కొండమ్మ గాదె బయట బారుగా పడుకుని చాలాసేపు కొండ వైపు చూసింది.

"చుక్కక్కా, ఇప్పుడు నేను ఎక్కిపోగలను. మీకు భారం దిగుతుంది. వెళ్ళమంటావా?"

చుక్కమ్మ నెమరు ఆపేసింది. వెళ్ళమంటే మంచిది, ఆమె ఊరు అది, అనుకుంది. నీ ఇష్టం చెల్లీ అని మర్యాదగా అనబోయింది. ఆ మాట గొంతు దాటలేదు.

"నిజం చెప్పనా?" అంది. "నాకు నువ్వు వెళ్ళడం ఇష్టం లేదు. రోజూ నువ్వు 'ఎక్కువైందక్కా' అంటే నాకెంత బాగుంటుందో నీకు తెలీదు. ఊరికే బాగుందని ఎవరైనా అంటారు. ఎక్కువైందని చెప్పేది మాత్రం సొంత చెల్లెలే."

కొండమ్మ మెల్లగా వెనక్కి తిరిగి గాదెలోకి పోయింది. కోడిపిల్లలు ఆమె వెనకే వెచ్చటి చివరదాకా పోయి, అక్కడే ఆనుకుని పడుకున్నాయి.

మేలు చేసినవాళ్ళ దగ్గర నిజం దాచకపోవడమే వాళ్ళకు మనం పెట్టగల మొదటి దండం.